దుబాయి ఆఫరు.. బార్కస్ హరీసు

సంతోష్‌నగర్ చౌరస్తా చుట్టుపక్కల ఏ జిరాక్స్ దుకాణంలోనైనా కాసేపు నిలబడితే గల్ఫ్ ఆఫర్ లెటర్ ఒకటి కంటపడుతుంది. వాట్సాప్‌లో వస్తుంది, దుకాణంలో కాగితమవుతుంది, ఇంటికెళ్ళాక పదిమంది చేతులు మారుతుంది. అందరి చూపూ జీతం అంకె మీదే. రియాలుకు ఎంత, దిర్హమ్‌కు ఎంత అని గుణకారాలు మొదలవుతాయి. అప్పు ఎప్పటికి తీరుతుంది, చెల్లెలి పెళ్ళి ఎప్పుడు పెట్టుకోవచ్చు, ఇంటిపైన ఇంకో స్లాబు ఎప్పుడు వేయొచ్చు.. లెక్కలన్నీ ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతాయి. దానికి నాలుగు వరుసల కింద ఇంకో సంగతి రాసి ఉంటుంది. భోజనం కంపెనీ పెడుతుందనో, ఇంత అలవెన్స్ ఇస్తుందనో, జీతంలోనే కలిపామనో. ఆ వరుసను ఎవరూ పైకి చదవరు.

రెండేళ్ళ కాంట్రాక్టు అంటే రెండు వేలకు పైగా పూటలు. అన్ని పూటల తిండి ఎవరు పెడతారు, ఎక్కడ వండుతారు, ఎంత సేపటికి చేతికందుతుంది అన్నది అడగకుండానే మనవాళ్ళు విమానం ఎక్కేస్తున్నారు. అడిగితే నామోషీ అనుకుంటారు. ‘పని దొరకడమే గొప్ప, కూర సంగతి అడుగుతావా’ అని ఇంట్లో పెద్దవాళ్ళే నోరు మూయిస్తారు. నా మాట మాత్రం ఒకటే. జీతం ఎంత అని అడిగిన నోటితోనే అన్నం సంగతీ అడగాలి. సంతకం పెట్టకముందే అడగాలి.

ఈ సంగతి సంతోష్‌నగర్ నుంచి రాయడానికి కారణం ఉంది. ఒవైసీ ఆసుపత్రి కూడలి, డీఎంఆర్‌ఎల్ చౌరస్తా, చాంద్రాయణగుట్ట దాటితే వచ్చేది బార్కస్. పరదేశంలో కొలువు దొరికిందని సముద్రం దాటినవాళ్ళ ఊరది. కాకపోతే వాళ్ళు అరబ్బు నేల నుంచి మన దగ్గరికి వచ్చినవాళ్ళు.

యెమెన్‌లో హద్రమౌత్ అని ఒక ప్రాంతం ఉంది. బోడి కొండలు, ఎండిన లోయలు, కరువులు, తెగల మధ్య తగాదాలు. అక్కడి మగవాళ్ళు తరతరాలుగా బతుకుతెరువు వెతుక్కుంటూ జావాకు, సింగపూరుకు, తూర్పు ఆఫ్రికా రేవులకు పోయేవారు. హైదరాబాద్ దారి పట్టినవాళ్ళకు దొరికింది సిపాయి కొలువు. 19వ శతాబ్దంలో నిజాం సంస్థానంలో అరబ్బు దళాలకు జమేదార్లు ఉండేవారు. సిపాయిలను పోగుచేసేదీ, వాళ్ళను పోషించేదీ వాళ్ళే. వడ్డీకి అప్పులిచ్చి బలవంతంగా వసూలు చేసుకునే సత్తా కూడా వాళ్ళకు వచ్చింది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ పాలనను చక్కదిద్దే పనుల్లో ఈ జమేదార్లను అదుపులో పెట్టడం ఒకటి.

ఆ జమేదార్లలో కుఐతీ కుటుంబం కథ వింటే ఇప్పటి గల్ఫ్ కుటుంబాలు ఇట్టే పోల్చుకుంటాయి. హైదరాబాద్‌లో సంపాదించింది హద్రమౌత్‌కు పంపారు. ఆ సొమ్ముతో అక్కడ మనుషుల్ని కూడగట్టారు, ఆయుధాలు కొన్నారు. 1867లో షిహర్ రేవు, 1881లో ముకల్లా రేవు వాళ్ళ చేతికొచ్చాయి. ఆ వంశం అక్కడ 1967 దాకా ఏలింది. వాళ్ళతో తలపడిన కసీరీ వంశం పెద్దలకు కూడా హైదరాబాద్ కొలువుతో సంబంధం ఉండేది. ఎక్కడో ఎడారిలో గద్దె కోసం జరిగిన పోరులో రెండు పక్షాలకూ మన నగరపు జీతమే అండ అయింది. పరాయి దేశపు సంపాదనతో సొంతూళ్ళో ఇల్లు కట్టినవాళ్ళు మన వీధివీధినా ఉన్నారు. కుఐతీలు ఏకంగా రాజ్యమే కట్టారు.

మామూలు సిపాయికి రాజ్యాలు దక్కలేదు. అతను బ్యారక్‌లోనే ఉండిపోయాడు, ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ఉర్దూ నేర్చాడు. తనవెంట తెచ్చుకున్న హరీసును మాత్రం వదల్లేదు. బార్కస్‌లో తెల్లవారుజామున హోటళ్ళ ముందు నిలబడితే ఆ పని కళ్ళారా చూడొచ్చు. రాత్రంతా నానిన గోధుమలు, మాంసం కలిపి పెద్ద దేగ్‌లో సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. ఎముకలు ఏరేశాక పొడవాటి చెక్క గోట్నీ పట్టుకుని మెదుపుతారు. గింజ ఏదో మాంసం ఏదో తెలియనంతగా కలిసిపోవాలి. మెదిపే మనిషి భుజాలు చూస్తే అదెంత కష్టమో అర్థమవుతుంది. పళ్ళెంలో పోసి పైన నెయ్యి వేస్తారు. ‘ఖారా’ కావాలా ‘మీఠా’ కావాలా అని అడుగుతారు. కొత్తవాళ్ళు ఉప్పుదే తీసుకుంటారు. పాతకాపులు చక్కెర చల్లుకుని తింటారు. మాంసంలో చక్కెర ఏమిటని ముఖం చిట్లించేవారికి ఒకే మాట చెబుతాను, ఒక్కసారి తిని చూడండి.

ఆ హరీసే నగరం లోపలికి వచ్చి హలీం అయింది. పప్పులు చేరాయి, మసాలాలు చేరాయి, వేయించిన ఉల్లిపాయ, నిమ్మచెక్క చేరాయి. హద్రమౌత్ నుంచి వచ్చిన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ ఇచ్చిన విందుల వల్ల దానికి పేరొచ్చిందని హైదరాబాదీలు చెప్పుకుంటారు. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో ఒక మాంసాహార వంటకానికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. 2023లో యూఏఈ, ఒమన్, సౌదీ అరేబియా కలిసి హరీసు వండే పద్ధతిని యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి. కొలువు కోసం వచ్చిన సిపాయి పొట్టచేత పట్టుకుని మన దగ్గరికి తెచ్చిన వంటే ఇది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యం పోయింది, దానితో సిపాయి కొలువూ పోయింది. అరబ్బుల్లో చాలామందిని తిప్పి పంపారు. మిగిలినవాళ్ళు ఇక్కడి మట్టిలో కలిసిపోయారు. ఆ తర్వాత పాతికేళ్ళకు, 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. అరబ్బు నగరాల్లో రోడ్లు, రేవులు, ఆసుపత్రులు లేవడం మొదలైంది. అప్పుడు దారి తిరగబడింది. పాతబస్తీ మగవాళ్ళు జెద్దాకు, కువైట్‌కు, రియాద్‌కు బయల్దేరారు. బార్కస్ కుటుంబాలకు అరబ్బు పేర్లు, చుట్టరికాలు ఉండనే ఉన్నాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి కూలీలు అదే దారి పట్టారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ చేరారు.

ఇప్పుడు ఆఫరు లెక్కకు వద్దాం.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో కుర్రాడికి ఖతార్‌లోని దోహాలో స్టోర్ కీపర్ పని వచ్చింది. నెలకు 1500 రియాళ్ళు. రియాలు సుమారు 23 రూపాయలు అనుకుంటే 34,500. ఇక్కడ సంతోష్‌నగర్‌లో ఒక షోరూమ్‌లో అతనికి నెలకు 18 వేలు వస్తున్నాయి. ఇంటిల్లిపాదికీ అది దాదాపు రెట్టింపు ఆదాయంలా కనిపించింది. వాళ్ళమ్మ ఒక్కతే అడ్డం వచ్చింది.

‘‘జీతం సరే గనీ బిడ్డా, అన్నం ఎవరు పెడ్తరు?’’

‘‘అన్నీ అండ్లనే కలిపిండ్రంట అమ్మా.’’

‘‘అన్నీ అంటే ఏమేమి? రూము గూడనా?’’

‘‘ఏజెంటును అడుగుత.’’

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఖతార్ చట్టంలోనే జవాబు ఉంది. 2021 మార్చి నుంచి అక్కడ కనీస వేతనం అందరికీ ఒకటే. మూలవేతనం 1000 రియాళ్ళకు తగ్గకూడదు. కంపెనీ తిండి పెట్టకపోతే నెలకు 300 రియాళ్ళు, వసతి చూపకపోతే 500 రియాళ్ళు అదనంగా ఇవ్వాలి. తిండీ వసతీ రెండూ ఇవ్వని కంపెనీ మొత్తం 1800కు తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. అంటే ‘అన్నీ కలిపి 1500’ అన్న ఆఫరు చట్టం గీసిన గీతకు కిందే ఉంది. ఎక్కువ జీతమని సంబరపడిన అంకె నిజానికి 300 రియాళ్ళు తక్కువ.

ఇంకాస్త లోపలికి చూస్తే, ఆ 1500లో తిండికి 300, పడకకు 500, ఫోనుకూ చిల్లర ఖర్చులకూ 100 పోతే చేతికి మిగిలేది 600 రియాళ్ళు. మన డబ్బుల్లో 13,800. అదే కంపెనీ గది ఇచ్చి, భోజనం డబ్బును ఆ 1500లోనే విడిగా చూపిస్తే మిగులు ఇంచుమించు రెట్టింపవుతుంది. సంతోష్‌నగర్‌లో అమ్మ చేతి అన్నం తింటూ 18 వేలు సంపాదించేవాడు మొదటి ఆఫరుకు కదలాల్సిన పని లేదు. రెండోదైతే ఆలోచించాలి. అతను ఏజెంటుకు మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా అడిగాడు. మారిన లెటర్ వచ్చింది. మూలవేతనం 1200, భోజనానికి 300, వసతి కంపెనీదే. మొత్తం అదే 1500, కానీ ఆఫరు వేరు.

మూలవేతనం ఎంత అన్నది విడిగా చూసుకోవాలి. ఖతార్‌లోనూ యూఏఈలోనూ పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని మూలవేతనం మీదే కడతారు. యూఏఈలో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున, ఆ పైన ఏడాదికి 30 రోజుల చొప్పున వస్తుంది. కొన్ని కంపెనీలు మూలవేతనం బాగా తగ్గించి, మిగతాదంతా అలవెన్స్‌ల కింద చూపిస్తాయి. నెలనెలా తేడా తెలియదు. పదేళ్ళకు ఇంటికొచ్చేరోజున తెలుస్తుంది. యూఏఈ ఉద్యోగాలకు మరో జాగ్రత్త. అక్కడి కార్మిక శాఖ నమూనాలో వచ్చే ఆఫర్ లెటర్ మీదే సంతకం పెట్టాలి. అరబ్బీ, ఇంగ్లిషుతో పాటు ఉర్దూ, హిందీ లాంటి భాషల్లోనూ అది దొరుకుతుంది. ఆ తర్వాతి కాంట్రాక్టు దానికంటే తక్కువగా ఉండకూడదు.

మన వైపు కాగితాలు కూడా చెప్పుకోవాలి. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలకు వెళ్ళేముందు వలస అనుమతి కావాలి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటే మనుషుల్ని పంపాలి. లైసెన్సు నిజమైనదో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఏజెంటు సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది చట్టవిరుద్ధం. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు, పన్ను అదనం, కడితే పది లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరమనేవాడినీ, ఎక్కడైనా పనిచేసుకోవచ్చంటూ ‘ఆజాద్ వీసా’ అని ఊరించేవాడినీ గుమ్మం ఎక్కనివ్వొద్దు. తెలంగాణలో టామ్‌కామ్ పేరిట ప్రభుత్వ సంస్థే విదేశీ కొలువులు చూపిస్తోంది. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి పోయేముందు అక్కడ ఓసారి విచారించడం మంచిది.

చట్టం ఉందని ధైర్యంగా కూర్చోవడానికీ లేదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్ళే భారతీయ కార్మికుల కనీస సిఫారసు వేతనాలను మన కేంద్ర ప్రభుత్వమే బాగా తగ్గించింది. గల్ఫ్ సంఘాలు గొడవ చేశాయి, విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళింది. 2021లో పాత వేతనాలను మళ్ళీ తెచ్చారు. అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టే అది జరిగింది.

ఇక ‘భోజనం కంపెనీదే’ అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోవద్దు. లేబర్ క్యాంపుల నుంచి తిరిగొచ్చినవాళ్ళు తరచూ చెప్పే బాధ ఒకటుంది. మధ్యాహ్నం డబ్బా తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే కట్టేస్తారు. బస్సులో సైటుకు చేరేసరికి ఎండెక్కుతుంది. నీడలేని చోట ఆ డబ్బా గంటలకొద్దీ ఉంటే పన్నెండింటికి మూత తీసేటప్పటికి పప్పు పులిసిపోయి ఉంటుంది. పులిసిన పప్పు పారబోసి ఉత్త కుబ్బూస్ రొట్టె నీళ్ళలో ముంచుకు తిన్నవాళ్ళున్నారు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 నుంచి 3.30 వరకు ఎండలో పనిచేయించకూడదని నిబంధన ఉంది. మంచిదే. డబ్బా సంగతి మాత్రం కంపెనీనే అడగాలి. మెస్ సైటు దగ్గరా, క్యాంపు దగ్గరా? గదిలో స్టవ్ పెట్టుకోనిస్తారా? ఫ్రిజ్ ఉందా? నెలకు రెండు వందల రియాళ్ళ ఇంక్రిమెంటు కన్నా ఈ జవాబులే మనిషిని ఎక్కువ కాలం నిలబెడతాయి.

ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. వాళ్ళకు మెస్ లేదు, తోటి తెలుగువాళ్ళు లేరు. యజమాని వంటింట్లో మిగిలిందే తిండి. కువైట్‌లో 2015లో ఇంటిపనివారి కోసం విడిగా చట్టం వచ్చింది. తిండి, బట్ట, వైద్యం యజమాని బాధ్యతేననీ, రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదనీ, వారానికి ఒకరోజు సెలవివ్వాలనీ అందులో ఉంది. నాలుగు గోడల మధ్య అది అమలవుతోందో లేదో చూసే కన్ను తక్కువ. అందుకే మన దేశం ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు ఈ పనికి వలస అనుమతి ఇవ్వదు. వయసు దిద్దిన కాగితాలతో పంపే ఏజెంటును నమ్మడం కూతుర్ని ఊబిలోకి పంపడమే.

ఇంత భయపెట్టాక, అక్కడి తిండిలోని సంతోషం కూడా చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం.

పాతబస్తీ కుర్రాడికి ఒక మేలు ముందే జరిగిపోయింది. ఎర్రకుంట, బార్కస్ రోడ్ల మీద నలుగురు స్నేహితులు ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని మందీ తినడం అతనికి అలవాటే. హద్రమౌత్‌లో పుట్టిన ఆ వంటకం రియాద్‌లో పళ్ళెంలోకి వచ్చినప్పుడు అతను కొత్త చూపు చూడడు. జగిత్యాల పల్లె నుంచి నేరుగా దిగినవాడికి అలా కాదు. మొదటి నెలంతా కారం లేదని, పులుపు లేదని, నోరు చప్పబడిందని బాధ. ఇంటి నుంచి వచ్చిన పచ్చడి సీసా అయిపోయేవరకే ఓపిక. ఆ తర్వాత ఏ మలయాళీ మెస్‌లోనో నెలవారీ ఖాతా పెట్టి, ఉన్నన్నాళ్ళూ ఆ దేశపు తిండి రుచి తెలియకుండానే తిరిగొచ్చేస్తారు. అది నష్టమని నా నమ్మకం. డబ్బు పరంగానూ, మనసు పరంగానూ.

సౌదీ పట్టణాల్లో తెల్లవారితే అఫ్గాన్ రొట్టెల దుకాణాలు తెరుస్తారు. గోడ పొయ్యిలోంచి తీసిన తమీస్ రొట్టె రెండు చేతుల వెడల్పు ఉంటుంది, కాగితంలో చుట్టి ఇస్తారు. పక్కనే రాగి కుండలో ఫూల్ ఉడుకుతూ ఉంటుంది. బాకలా గింజలు మెత్తగా మెదిపి, జీలకర్ర పొడి, ఆలివ్ నూనె, టమాటా, పచ్చిమిర్చి ముక్కలు వేసి ఇస్తారు. కొన్ని రియాళ్ళకు ఇద్దరి కడుపు నిండుతుంది, మధ్యాహ్నం దాకా ఆకలి అనిపించదు. మాంసం ముట్టనివాళ్ళు గల్ఫ్‌లో ఏం తింటారని అడుగుతుంటారు. ఫూల్ ఉంది, ఫలాఫెల్ ఉంది, హమ్మస్ ఉంది, అదస్ అని మన పప్పుచారుకు చుట్టంలాంటి ఎర్రకందిపప్పు సూప్ ఉంది. పెరుగన్నం తినకపోతే నిద్రపట్టనివాళ్ళు కంగారుపడాల్సిన పని లేదు. ఏ కిరాణాకు వెళ్ళినా లబన్ సీసా దొరుకుతుంది. చల్లని లబన్ వేడి అన్నంలో పోసుకుని, ఉల్లిపాయ నంజుకుంటే పూట గడిచిపోతుంది.

శుక్రవారం సెలవు. కబ్సా ఆ రోజు తినాలి. ఎండునిమ్మ పులుపు, యాలకుల వాసన, ఎండుద్రాక్ష, కింద పొడుగు బియ్యం. మన బాస్మతిని ఎక్కువగా కొనే దేశాల్లో సౌదీ ఒకటి, ఆ పళ్ళెంలో ఉన్నది చాలాసార్లు మన పొలంలో పండిన గింజే. జెద్దాలో ఉంటే అల్‌బైక్ వేయించిన కోడి తినకుండా రావొద్దు. 1974లో ఆ ఊళ్ళోనే మొదలైన ఆ కొట్టు కోసం పాతబస్తీ హాజీలు కూడా ఆశగా ఎదురుచూస్తారు. ఒమన్‌కు వెళ్ళే గోదావరి వాళ్ళకు చేపల మార్కెట్లో కన్నద్ అని అమ్మేది మన వంజరమే. దాన్ని గదిలో మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టుకోవచ్చు, లేదా ఆ వీధిలోనే బొగ్గుల మీద కాల్పించుకోవచ్చు. నేనైతే రెండోదే ముందు చేయమంటాను. దోహాలో సాయంత్రం కరక్ చాయ్. మన ఇరానీ చాయ్ తాగి పెరిగినవాడికి ఆ చిక్కదనం వెంటనే నచ్చుతుంది.

ఆ దేశపు తిండి తిన్నవాడికి ఆ దేశపు మనుషులతో మాట కలుస్తుంది. తమీస్ దుకాణం అఫ్గానీ, ఫూల్ అమ్మే యెమెనీ, కరక్ కలిపే మలయాళీ.. పని పోయినా, జీతం ఆగినా, ఫలానా చోట ఖాళీ ఉందని మొదట చెప్పేది ఇలాంటి పరిచయాలే. గదీ సైటూ మెస్ తప్ప ఇంకేమీ ఎరగనివాడికి ఆ కబురు చేరదు. సౌదీ 2021 మార్చి నుంచి చాలామంది ప్రైవేటు కార్మికులకు కొన్ని షరతుల మీద కఫీల్ (పనిచేయించే యజమాని) అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. ఇంటిపనివాళ్ళు, ఇళ్ళలో పనిచేసే డ్రైవర్లు అందులోకి రాలేదు. ఆ వీలును వాడుకోవాలంటే ముందు బయట ఏ ఉద్యోగాలున్నాయో తెలియాలి కదా.

ఇవన్నీ చూసుకుని వెళ్ళాలని తేల్చుకున్నవాళ్ళ ఇంట్లో ఆఖరి వారమంతా మూటలు కట్టడమే ఉంటుంది. కారప్పొడి, ఆవకాయ, సకినాలు, అప్పడాలు అన్నీ కట్టండి. మసాలా పొడిలో మాత్రం గసగసాలు వేయకండి. యూఏఈ, సౌదీ లాంటి దేశాల్లో గసగసాలు మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. విమానాశ్రయంలో సంచిలో దొరికితే జైలు దాకా పోతుంది. కోడికూర మసాలా మిక్సీలో వేసే అమ్మకు, అత్తకు ఈ ముక్క ముందే చెప్పండి. పొరుగువాళ్ళు ‘మా తమ్ముడికి ఇవ్వు’ అని చేతిలో పెట్టే పొట్లం విప్పి చూడకుండా సూట్‌కేసులో పెట్టకండి. దగ్గు మందులు, నొప్పి మాత్రలు తీసుకెళ్ళాల్సి వస్తే డాక్టరు చీటీ వెంట ఉండాలి, ఆ మందు అక్కడ నిషేధమో కాదో కనుక్కోవాలి. ఆఫర్ లెటర్, కాంట్రాక్టు, పాస్‌పోర్టు, వీసా అన్నింటికీ రెండు జిరాక్స్‌లు తీయించండి. ఒకటి వెంట, ఒకటి ఇంట్లో. భోజనం సంగతి రాసిన పేజీ ఆ కాగితాల్లో ఉందో లేదో చూసుకున్నాకే ఫైలు మూయండి.